గుమాస్తా పెళ్లికి వెళ్లినా మిల్లు ఆగకూడదు: మెచ్యూరిటీ మోడల్‌తో పనితీరును కొలిచి, మెరుగుపరుచుకునే విధానం

దాళ్వా కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో పాలకొల్లు వైపు ఒక రైస్ మిల్లుకు వెళ్లాను. గేటు బయట ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. లోపల కాటా ఖాళీగా ఉంది. కరెంటు ఉంది, హమాలీలు ఉన్నారు, డ్రయ్యర్ వేడెక్కి సిద్ధంగా ఉంది. లేనిదల్లా గుమాస్తా. మేనకోడలి పెళ్లికని నర్సాపురం రేవు దాటి అంతర్వేది వెళ్లాడు. ధాన్యం తేమ చూసేదీ, ఏ లోడు ఏ కుప్పకు పోవాలో చెప్పేదీ, బస్తాకు ఎంత తరుగు తీయాలో తేల్చేదీ ఆయనొక్కడే.

"ఆయన లేకుండా మేం ముట్టుకోమండి. రేపేదైనా తేడా వస్తే మా మీదకొచ్చేద్దండి" అన్నాడు మేస్త్రీ.

అతని భయం న్యాయమైనదే. అక్కడ పద్ధతి అనేది ఆ గుమాస్తా బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆఫీసు గదిలో మాత్రం ఒక నాణ్యతా సర్టిఫికెట్ అద్దాల ఫ్రేములో మెరుస్తూ ఉంది.

నేను పన్నెండేళ్లు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీల క్వాలిటీ విభాగాల్లో పనిచేశాను. ఒక సంస్థలో పని మనుషుల మీద నడుస్తోందా, పద్ధతి మీద నడుస్తోందా అని కొలిచే కొలబద్దను అక్కడ రోజూ వాడేవాళ్లం. దానిపేరే మెచ్యూరిటీ మోడల్, అంటే పరిణతి నమూనా. అది పెద్ద కంపెనీలకే పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. డెల్టాలోని మిల్లుకీ, రొయ్యల చెరువుకీ, ఐస్ ఫ్యాక్టరీకీ, సహకార సంఘానికీ కూడా అది అంతే బాగా పనికొస్తుందని నా నమ్మకం. ఆ మిల్లులోనే యజమానితో, పనివాళ్లతో కలిసి దాన్ని వాడి చూశాం. ఎలా వాడాలో ఒక్కో అడుగూ చెబుతాను.

ఈ కొలబద్ద ఎక్కడిది

నాణ్యత విషయంలో సంస్థలు అయిదు దశల్లో ఎదుగుతాయని 1979లో ఫిలిప్ క్రాస్బీ అనే అమెరికా నాణ్యతా నిపుణుడు ఒక పట్టిక వేసి చూపించాడు. మొదటి దశలో అయోమయం, చివరి దశలో నిశ్చయం. తర్వాత అమెరికా రక్షణ శాఖకు ఒక చిక్కు వచ్చింది. సాఫ్ట్‌వేర్ రాయించుకుంటే గడువు దాటిపోతోంది, ఖర్చు పెరిగిపోతోంది. ఏ కంపెనీని నమ్మి పని అప్పగించాలో ముందే తెలుసుకోవడం ఎలా? ఆ శాఖ నిధులతో 1984లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. 1986లో ఐబీఎం నుంచి వాట్స్ హంఫ్రీ అక్కడికి వచ్చాడు. ఆయన ఆధ్వర్యంలో మొదలైన పని 1991లో సీఎంఎం (కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్) అనే నమూనాగా వెలువడింది. 2000లో దాన్ని విస్తరించి సీఎంఎంఐ చేశారు. 2016 నుంచి ఐసాకా అనే సంస్థ దాని బాగోగులు చూస్తోంది. 2018లో 2.0, 2023లో 3.0 కూర్పులు వచ్చాయి.

చరిత్ర ఇంతవరకు చాలు. ఈ నమూనాలన్నీ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈసారి పని బాగా అయింది సరే, వచ్చేసారి కూడా ఇలాగే అవుతుందని దేన్ని చూసి నమ్మాలి?

అయిదు మెట్లు, ఒక్క తేమ పరీక్షలో

మెట్ల పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు. మిల్లు గేటు దగ్గర ధాన్యం తేమ చూసే పని ఒక్కటి తీసుకుంటే అయిదూ కళ్లకు కడతాయి. తేమకు అంత విలువ ఎందుకంటే, కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటిన ధాన్యం తీసుకోరు. మిల్లు ఆడించేనాటికి అది 14 దగ్గరికి రావాలి. ఎక్కువ తడి ఉన్నా, మరీ ఎండిపోయినా గింజ విరిగి నూక పెరుగుతుంది. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే ధాన్యంలో క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. గేటు దగ్గర రెండు శాతం పొరపాటు పడితే నష్టం గోడౌన్‌లో తేలుతుంది.

మొదటి మెట్టు మీద గుమాస్తా గింజ కొరికి చూసి "పద్దెనిమిదుంది" అంటాడు. చాలాసార్లు సరిగ్గానే చెబుతాడు. పక్కవాడు కొరికితే పదహారంటాడు. పని జరుగుతుంది కానీ ఆ మనిషి ఉన్నంతవరకే.

రెండో మెట్టు మీద ప్రతి లోడుకూ మీటర్ పెడతారు, అంకె రాస్తారు. ఎవరు పెట్టాలో, ఆయన లేకపోతే ఎవరు పెట్టాలో ముందే తెలుసు. ఆ మిల్లు మటుకు ఆ పని చెప్పినట్టు నడుస్తుంది.

మూడో మెట్టుకు వచ్చేసరికి ఆ యజమానికి చెందిన రెండు మిల్లుల్లోనూ, పగలూ రాత్రీ, ఒకటే పద్ధతి ఉంటుంది. కొత్తగా చేరినవాడు కాగితం చూసి, వారం రోజులు పక్కన నిలబడి నేర్చుకోగలడు.

నాలుగో మెట్టు మీద పోగుపడిన అంకెలే మాట్లాడతాయి. మామూలు ఒడుదొడుకులు ఎంతవరకో, నిజంగా తేడా ఎప్పుడు వచ్చిందో లెక్క చెబుతుంది.

అయిదో మెట్టు మీద ఆ తేడాకు కారణం పట్టుకుని, చిన్న ప్రయోగం చేసి, ఫలితం చూశాక పద్ధతినే మారుస్తారు. అది అలవాటుగా జరుగుతూ ఉంటుంది.

ఐఎస్‌ఓ 15504 అనే మరో ప్రమాణం వీటికి కింద సున్నా మెట్టు కూడా పెట్టింది. పని అసలు జరగకపోవడమో, అరకొరగా జరగడమో అన్నమాట. దాని స్థానంలో ఇప్పుడు 33000 వరుస ప్రమాణాలు వచ్చాయి. మార్కులు వేసే పద్ధతి మాత్రం నేను అక్కడినుంచే తీసుకుంటాను, ఎందుకంటే అది చిన్న సంస్థలకు బాగా అతుకుతుంది.

మొదటి అడుగు: ఒక్క పని ఎంచుకోండి

సంస్థ మొత్తాన్ని ఒకేసారి కొలిచి "మాది మూడో లెవల్" అని చెప్పే పద్ధతి ఒకటుంది. ఒక్కో పనిని విడివిడిగా కొలిచే పద్ధతి ఇంకొకటుంది. ఇరవై ముప్పై మంది పనిచేసే చోట రెండోదే మేలు. మిల్లులో ధాన్యం దింపుకోవడం మొదటి మెట్టు మీద ఉండి, బియ్యం లోడింగ్ మూడో మెట్టు మీద ఉండొచ్చు. రెండూ కలిపి ఒక అంకె చెబితే ఎవరికీ ఉపయోగం లేదు.

ఏ పని ఎంచుకోవాలంటే, రోజూ గొడవలు ఎక్కడ వస్తున్నాయో, ఒక మనిషి సెలవు పెడితే ఏది ఆగిపోతోందో, డబ్బు ఎక్కడ కారిపోతోందో చూడండి. మూడింటికీ ఒకే జవాబు వస్తే ఇంక ఆలోచించాల్సింది లేదు. చెరువు మీదైతే అది రాత్రిపూట ఆక్సిజన్ కాపలా కావచ్చు. సహకార సంఘంలో రుణ దరఖాస్తు, కడియం నర్సరీలో మొక్కల లారీ పంపడం కావచ్చు.

ఎంచుకున్న పనికి మొదలూ చివరా గీయండి. మేం ఇలా రాసుకున్నాం: "ట్రాక్టర్ గేటు దాటిన దగ్గర్నుంచి, రైతు చేతికి కాటా చీటీ వచ్చేదాకా." ఈ ఒక్క వాక్యం రాయడానికి గంట పట్టింది. చీటీ ఇవ్వడంతో పని అయిపోయినట్టా, ధాన్యం కుప్పకు చేరితే అయిపోయినట్టా అని యజమానీ మేస్త్రీ వాదించుకున్నారు. ఆ వాదన జరగాల్సిందే. తర్వాత వచ్చే సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి.

రెండో అడుగు: శివారు నుంచి చూడండి

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచీ మనకు నీళ్లు కాలువల మీదే. హెడ్ రెగ్యులేటర్ దగ్గర నిలబడి చూస్తే కాలువ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. కాలువ నిజంగా ఎలా పారుతోందో శివారు చేలో, అంటే కాలువ చిట్టచివరి పొలంలో, రైతును అడిగితే తెలుస్తుంది. దాళ్వాలో వంతులవారీగా నీళ్లు వదిలినప్పుడు ఆయన వంతుకు తడి అందిందా లేదా అన్నదే లెక్క.

సంస్థలో పని కూడా అంతే. యజమాని ఉన్నప్పుడు, పగటిపూట, పాత మనుషుల చేతుల్లో పని ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. రాత్రి షిఫ్టు, ఆదివారం, కొత్త మనిషి, ఆ రోజు వచ్చిన ఆఖరి ట్రాక్టర్ – ఇవే మీ శివారు. కనీసం మూడు పూటలు వెళ్లి నిలబడండి. మామూలు రోజు ఒకటి, రద్దీ రోజు ఒకటి, ఒక రాత్రి.

నేను రాత్రి వెళ్లినప్పుడు కనిపించిన సంగతి ఇప్పటికీ మర్చిపోలేను. తేమ రిజిస్టర్ నీటుగా ఉంది, ఒక్క గడీ కూడా ఖాళీ లేదు. వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వెళ్లాను. వరుసగా పదకొండు లోడ్లకు 17.0 అని ఉంది. పదకొండు ఊళ్ల నుంచి, పదకొండు చేల నుంచి వచ్చిన ధాన్యం ఒకే తేమతో ఉండదు. మీటర్ పెడితే 16.4 వస్తుంది, 17.3 వస్తుంది, ఒక్కోసారి 19 దాటుతుంది. అంకెలన్నీ ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒక్క బిగిని రాసినట్టున్నాయి. మీటర్ ఎక్కడుందని అడిగితే సొరుగు తీసి చూపించారు. బ్యాటరీ అయిపోయి నాలుగు రోజులైందట.

రాత్రి కుర్రాణ్ని ఎవరూ కోప్పడకుండా చూశాను. బ్యాటరీ అయిపోతే ఎవరికి చెప్పాలో అతనికి ఎవరూ చెప్పలేదు. గడి ఖాళీగా ఉంటే తిడతారని మాత్రం తెలుసు.

మూడో అడుగు: ఆధారం అడగండి

రిజిస్టర్ ఉన్నంత మాత్రాన పని జరిగినట్టు కాదని ఇప్పుడు మీకూ అనిపిస్తోంది కదా. అందుకే మూడు రకాల ఆధారాలు చూడాలి: కళ్లారా చూసింది, కాగితం మీద ఉన్నది, పనిచేసేవాళ్లు నోటితో చెప్పింది. సీఎంఎంఐ మదింపుల్లో కూడా కాగితాలనూ, మనుషుల మాటనూ ఎదురెదురుగా పెట్టి చూస్తారు. కనీసం రెండు కలిస్తేనే నమ్మండి.

అడిగే తీరు ముఖ్యం. "రోజూ తేమ చూస్తారా?" అంటే "చూస్తామండి" అని తప్ప ఇంకే జవాబూ రాదు. "నిన్న ఆఖరి ట్రాక్టర్ తేమ ఎంతొచ్చింది? ఎక్కడ రాశారు? ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. "మీటర్ పనిచేయకపోతే ఏం చేస్తారు?" బదులు "పోయినసారి మీటర్ పాడైనప్పుడు ఏం చేశారు?" అనండి. జరిగిపోయినదాని గురించి అడిగితే మనిషి గుర్తుచేసుకుని చెబుతాడు. జరగబోయేదాని గురించి అడిగితే మనకు నచ్చేది చెబుతాడు.

మాట్లాడేటప్పుడు యజమాని అక్కడ ఉండకూడదు. ఎవరేం చెప్పారన్నది బయటకు రాదని, దీన్నిబట్టి ఎవరి జీతమూ మారదని ముందే మాట ఇవ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. ఒక చోట నేను మార్కులు వేసి ఇచ్చిన కాగితం పట్టుకుని ఒక ఆపరేటర్‌ను పనిలోంచి తీసేశారు. ఆ సంస్థలో ఆ తర్వాత ఎవరూ నాతో ఒక్క నిజం చెప్పలేదు. తప్పు నాదే. షరతు ముందే గట్టిగా పెట్టాల్సింది.

నాలుగో అడుగు: మార్కులు

ప్రతి అంశానికీ నాలుగు మాటల్లో ఒకటి రాయండి. 15 శాతం వరకూ జరుగుతుంటే "లేదు". అది దాటి 50 వరకు "కొంత". 50 దాటి 85 వరకు "చాలావరకు". 85 దాటితే "పూర్తిగా". ఇవి ఐఎస్‌ఓ ప్రమాణంలోని హద్దులే.

మేం చివరి నలభై లోడ్లు తీసుకున్నాం. నిజంగా మీటర్ పెట్టిన గుర్తులున్నవి 26, అంటే 65 శాతం. "చాలావరకు" అని రాశాం. రైతుకు చీటీ ఇచ్చినవి 38. "పూర్తిగా." గుమాస్తా కాకుండా వేరేవాళ్లు పరీక్ష చేసినవి రెండు, అంటే 5 శాతం. "లేదు." మీటర్ సరిగ్గా చూపిస్తోందా అని సరిచూసిన దాఖలా ఒక్కటీ కనిపించలేదు కాబట్టి మళ్లీ "లేదు."

ఇక్కడ సగటు తీయాలని చేయి లాగుతుంది. తీయకండి. గోదావరికి వరదొచ్చినప్పుడు ఏటిగట్టు సగటు ఎత్తు ఎంతుందని నది చూడదు, తక్కువున్న చోటే గండి కొడుతుంది. ప్రమాణంలో నియమం కూడా అదే తీరు: ఒక మెట్టు ఎక్కామని చెప్పాలంటే ఆ మెట్టులోని అంశాలు కనీసం "చాలావరకు" ఉండాలి, కింది మెట్లవన్నీ "పూర్తిగా" ఉండాలి. ఆ లెక్కన మా మిల్లు మొదటి మెట్టు మీదే ఉంది. యజమాని మొహం చిన్నబోయింది. "సర్టిఫికెట్ ఉంది కదండీ" అన్నారు. గోడ మీది కాగితాన్నీ, రిజిస్టర్‌లోని పదకొండు 17.0లనూ పక్కపక్కన పెట్టి చూపించాను.

అయిదో అడుగు: ఒకటి నుంచి రెండుకు

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. నా అనుభవంలో లాభం కూడా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. చిన్న సంస్థ రెండో మెట్టు మీద స్థిరంగా నిలబడగలిగితే టెన్షన్ సగం తగ్గుతుంది.

మొదట రెండో మనిషి. పనికి బాధ్యుడు ఎవరో పేరు పెట్టి చెప్పండి, ఆయన లేనప్పుడు ఎవరో కూడా చెప్పండి. రెండో మనిషికి ఒట్టి మాటలతో నేర్పితే రాదు. వారానికి ఒక రోజు పని మొత్తం అతనే చేయాలి, మొదటివాడు పక్కన కుర్చీ వేసుకుని చూడాలి. దీనికి గుమాస్తాలు ఒప్పుకోరు. "వాడూ నేర్చుకుంటే ఇంక నాతో పనేముంది" అన్న భయం ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసేయకండి. నేర్పినందుకు జీతంలో కొంత కలపమని యజమానికి చెప్పాను, కలిపారు. అయితే గుమాస్తా మనసు మార్చింది ఆ డబ్బు కాదు. మేనకోడలి పెళ్లి రోజు సంగతి ఆయనే చెప్పాడు. రేవులో పంటు ఎక్కినప్పటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయట. మండపం వెనక నిలబడి ఆగిపోయిన లోడ్ల గురించి జవాబు చెబుతుంటే తలంబ్రాలు అయిపోయాయట. తొమ్మిదేళ్లుగా ఏ శుభకార్యమూ కుదురుగా కూర్చుని చూడలేదన్నాడు. మర్నాటి నుంచి మేస్త్రీకి నేర్పడం మొదలుపెట్టాడు.

తర్వాత పనిముట్టు. మీటర్ తప్పు చూపిస్తుంటే మిగతా క్రమశిక్షణంతా వృథా. వారానికి ఒకసారి ఒకే ధాన్యం గుప్పెడు తీసి రెండు మీటర్లలో పెట్టి చూడండి. రెండో మీటర్ లేకపోతే పక్క మిల్లుకు తీసుకెళ్లండి. ఒకే ధాన్యాన్ని ఇద్దరు మనుషుల చేత విడివిడిగా కూడా పరీక్ష చేయించండి. మా దగ్గర మొదటిసారి శాతంన్నర తేడా వచ్చింది. ఒకరు బస్తా పైనుంచి గింజ తీస్తున్నారు, ఇంకొకరు లోపలికి గొట్టం గుచ్చి తీస్తున్నారు. పైగింజ ఎండకు ఆరి ఉంటుంది మరి.

రాత తక్కువగా ఉండాలి. పాత రిజిస్టర్‌లో పద్నాలుగు గడులుంటే అయిదుకు కుదించాం: వేళ, బండి నంబరు, మొదటి అంకె, రెండో అంకె, పెట్టినవారి సంతకం. ఒక గడిని ఎవరూ చదవకపోతే అది తీసేయాల్సిందే. ఇప్పుడు ఈ రిజిస్టర్ చూడకుండా డ్రయ్యర్ ఆపరేటర్ ధాన్యం ఎక్కించడు. తర్వాతివాడికి అవసరమైన అంకె అబద్ధంగా రాయడం కష్టం, ఎందుకంటే అది గంటలో బయటపడుతుంది.

తేడా వస్తే ఏం చేయాలన్నది నాలుగోది. దాన్ని కాగితం మీద పెట్టి గేటు దగ్గర అంటించాం. ఆ కాగితం ఇదీ:

1. ప్రతి లోడులో అయిదు చోట్ల గొట్టం గుచ్చి గింజ తీయాలి. పైగింజ పనికిరాదు.
2. గింజ కలిపి మీటర్‌లో రెండుసార్లు పెట్టాలి. రైతు చూస్తుండగా పెట్టాలి. రెండు అంకెలూ రాయాలి.
3. 17 దాటితే రైతుకు చూపించి, డ్రయ్యర్ కుప్పకు పంపాలి. 20 దాటితే గుమాస్తాకు చెప్పాలి. ఆయన లేకపోతే మేస్త్రీ నిర్ణయం చెల్లుతుంది.
4. మీటర్ పనిచేయకపోతే లోడు ఆపి యజమానికి ఫోన్ చేయాలి. గడి ఖాళీగా వదిలితే తప్పు లేదు. ఊహించి రాయకూడదు.
5. చీటీ ఇవ్వకుండా రైతును పంపకూడదు.

నాలుగో గీతలోని "తప్పు లేదు" అన్న మాట యజమాని చేతే రాయించాను. ఆ రెండు మాటలు లేకపోతే మళ్లీ 17.0లు పుట్టుకొస్తాయి. మూడో గీతలో మేస్త్రీ నిర్ణయం చెల్లుతుందన్న మాటకు ఆయన రెండు రోజులు తటపటాయించారు. అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రం అప్పగిస్తే మనుషులు ట్రాక్టర్లు ఆపేసి నిలబడతారు. పెళ్లి రోజున జరిగింది అదే.

ఆఖరుది యజమాని చూపు. వారానికి ఒకసారి పావుగంట, కాటా దగ్గరే కూర్చుని, రిజిస్టర్ తిరగేయాలి. ఆ పావుగంట మానేసిన చోట్ల పద్ధతి రెండు నెలలకు మించి నిలవగా నేను చూడలేదు.

ఆరో అడుగు: రెండు నుంచి మూడుకు

యజమానికి రెండో మిల్లు ఉంటేనో, షిఫ్టులు వేరైతేనో ఈ మెట్టు అవసరం వస్తుంది. ఇక్కడ చేసే పెద్ద తప్పు ఆఫీసులో కూర్చుని కొత్త పద్ధతి రాయడం. రెండు చోట్లా పనిచేసేవాళ్లను ఒక పూట ఒకచోట కూర్చోబెట్టండి. ఇక్కడ బాగున్నది ఒకటి, అక్కడ బాగున్నది ఒకటి తీసి వాళ్ల మాటల్లోనే రాయించండి.

ఒకటే పద్ధతి అంటే గుడ్డిగా ఒకటే అని అనుకోవద్దు. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ వేరు, కేరళకు ఉప్పుడు బియ్యంగా వెళ్లే బొండాలు వేరు. ఆరబెట్టే తీరు, ఆడించే తీరు మారతాయి. అందుకే కాగితంలో రెండు వరుసలు ఉండాలి: రకాన్నిబట్టి మార్చుకోదగ్గవి, ఎవరూ మార్చకూడనివి. గింజ అయిదు చోట్ల తీయడం రెండో వరుసలోది. డ్రయ్యర్ వేడి మొదటి వరుసలోది.

ఏడో అడుగు: అంకెలను మాట్లాడనివ్వండి

నాలుగో మెట్టు పేరు వింటే కంప్యూటర్లు కావాలనుకుంటారు. గళ్ల నోటు పుస్తకం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. అమెరికన్ ఇంజినీరు వాల్టర్ షూహార్ట్ 1924లో కాగితం మీద గీతలు గీసే ఈ లెక్కను మొదలుపెట్టాడు.

రోజూ వచ్చిన నూక శాతం ఇరవై రోజులపాటు రాయండి. సగటు తీయండి. ఉదాహరణకు 18 అనుకుందాం. తర్వాత వరుసగా ఏ రెండు రోజులకైనా మధ్య తేడా ఎంతో రాసి, ఆ తేడాల సగటు తీయండి. అది 1.5 అనుకుంటే 2.66తో గుణించండి, దాదాపు 4 వస్తుంది. 18కి అటూ ఇటూ 4, అంటే 14కీ 22కీ మధ్య నూక ఊగడం మీ మిల్లుకు సహజం. నిన్న 17 ఉండి ఇవాళ 20 అయిందని ఆపరేటర్‌ను నిలదీస్తే అన్యాయం, పైగా అతను కంగారుపడి పొట్టు తీసే రబ్బరు రోళ్లు అటూ ఇటూ తిప్పి ఇంకా పాడుచేస్తాడు. 23 వచ్చిన రోజు మాత్రం ఆగి కారణం వెతకండి. 22 కూడా ఎక్కువే అనిపిస్తే మనిషిని తిట్టి లాభం లేదు, డ్రయ్యరో రోలో పద్ధతో మారాలి.

హద్దులు దాటకపోయినా గమనించాల్సింది ఇంకొకటుంది, అది చెరువుల మీద బాగా కనిపిస్తుంది. భీమవరం వైపు వనామీ చెరువుల్లో రాత్రంతా రొయ్యా, నీటిలోని నాచూ కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి. వెలుతురు లేక కొత్తది తయారుకాదు. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువుంటుంది. నాలుగు పీపీఎం (లీటరు నీటికి నాలుగు మిల్లీగ్రాములు) కంటే దిగకూడదని అందరికీ తెలుసు. ఒక చెరువు పుస్తకంలో నాలుగు గంటల అంకెలు వరుసగా 5.2, 5.0, 4.7, 4.5, 4.3 అని ఉన్నాయనుకోండి. ఏ రోజూ నాలుగు దాటి కిందికి పోలేదు, కాబట్టి కాపలా కుర్రాడు ఎవరికీ చెప్పడు. కానీ అయిదు రోజులుగా జారుతూనే ఉంది. "వరుసగా మూడు రోజులు తగ్గితే యజమానికి చెప్పాలి" అని ఒక్క గీత రాసి ఉంటే, ఆరో రోజు రొయ్యలు పైకి తేలకముందే ఏరేటర్లు పెంచేవారు, మేత తగ్గించేవారు.

ఒక్క జాగ్రత్త. ఈ అంకెలకు జీతాన్నో బోనస్‌నో ముడిపెట్టిన రోజున అంకెలు అందంగా మారిపోతాయి. ఆ తర్వాత ఏ లెక్కా పనిచేయదు.

అయిదో మెట్టు గురించి ఎక్కువ చెప్పను. 1990ల చివర నుంచి మన సాఫ్ట్‌వేర్ కంపెనీలు లెవల్ 5 కోసం పోటీపడ్డాయి, ఎందుకంటే విదేశీ కొనుగోలుదారులు అది అడిగేవారు. మీ మిల్లును అది అడిగేవారు లేరు. రెండో మెట్టు మీద గట్టిగా నిలబడి, డబ్బు ఎక్కువగా తిరిగే ఒకటి రెండు పనుల్ని మాత్రం మూడు, నాలుగుకు తీసుకెళ్లడం చాలా సంస్థలకు సరిపోతుంది. మెట్లు మాత్రం దూకకండి. మీటరే సరిగా పెట్టని చోట గీతలు గీసి ఏం లాభం? అబద్ధపు అంకెలకు కచ్చితమైన సగటు వస్తుంది, అంతే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కోతల రద్దీలో పద్ధతులు మార్చడం మొదలుపెట్టకండి, చూసి రాసుకోవడం మాత్రమే చేయండి. దాళ్వా ధాన్యం సద్దుమణిగాక, జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి అందరూ ఊడ్పుల హడావుడిలో పడ్డాక, మిల్లులో కాస్త తీరిక దొరుకుతుంది. మార్కులు వేయడం, కాగితం రాయడం అప్పుడు. జులై నుంచి అక్టోబరు దాకా రెండో మనిషి చేత సాధన. నవంబరులో సార్వా ధాన్యం వచ్చేసరికి పరీక్ష. రద్దీ తగ్గాక మళ్లీ అదే నలభై లోడ్ల లెక్క తీసి, పాత మార్కుల పక్కనే రాయండి. వీలైతే రెండోసారి బయటి మనిషి చేత, కనీసం పక్క మిల్లు గుమాస్తా చేత వేయించండి. మన పనికి మనమే వేసుకునే మార్కుల్లో ఎంత నిజాయితీపరుడికైనా చేయి కాస్త ఉదారంగా ఉంటుంది.

ఆ సార్వాకు నేను మళ్లీ వెళ్లేసరికి గుమాస్తా మాల వేసుకుని శబరిమల వెళ్లాడు. గేటు దగ్గర మేస్త్రీ ఉన్నాడు. ట్రాక్టర్ మీద రైతు నిలబడి చూస్తుండగా అయిదు చోట్ల గొట్టం గుచ్చాడు, గింజ కలిపాడు, మీటర్ పెట్టాడు. 16.6. మళ్లీ పెట్టాడు. 17.4. రెండూ రాసి, పెన్ను చెవిలో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఒకటి లోపల, ఒకటి బయటండి. ఏది లెక్కండి ఇప్పుడు?"

కాగితంలో దానికి జవాబు లేదు. రైతునూ మేస్త్రీనీ అడిగే ఆ గీత అక్కడికక్కడే రాశాం, సాయంత్రం యజమాని సంతకం పెట్టారు. ఆరోది: రెండు అంకెల మధ్య అర శాతం లోపు తేడా ఉంటే సగటు. అంతకు మించితే గింజ మళ్లీ కలిపి మూడోసారి పెట్టాలి, దగ్గరగా వచ్చిన రెండింటి సగటు రాయాలి.